అగ్గిపెట్టె చెప్పులు

మంటలు పూర్తిగా ఆరాక బయటపడింది: వడ్రంగి షెడ్డు రేకు తలుపుకి గొళ్లెం బయటినుంచి పెట్టి ఉంది, లోపల వడ్రంగి మాస్టారు ఆ తలుపుకే వీపు ఆనించి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కాలిపోయి ఉన్నాడు.

మాస్టారికి నడుంనొప్పి. అందరికన్నా ముందే భోజనం ముగించుకుని, చెక్కపొట్టు గుట్ట మీద గోనెపట్టా పరుచుకుని ఓ కునుకు తీసేవాడు. ఈ సంగతి హాస్టల్లో పిల్లిక్కూడా తెలుసు. అందుకే పొగ చూడగానే అందరూ ఎంగిలి చేతులతోనే పరుగెత్తారు. వాళ్లు చేరేసరికి కప్పు కూలింది.

తలుపుకి ఎదురుగా, వేడి తగలని చోట, ఒక జత చెప్పులున్నాయి. పక్కపక్కనే, ఎవరో దిద్ది పెట్టినట్టు, మొనలు మంట వైపు తిరిగి. మడమల మీద తెల్లరంగుతో మంచం నంబరు.

అది అగ్గిపెట్టె నంబరు.

జైలు నుంచి విడుదలైనవాళ్లు మళ్లీ మనుషుల్లో కలవడం నేర్చుకునేదాకా ఉండే హాస్టలది. బోర్డు మీద పేరు మూడు వరసలుంటుంది. అందులో ఉండేవాళ్లు మాత్రం 'రెండో గేటు' అంటారు. మొదటిది జైలుది. అగ్గిపెట్టె అనే ఆ నడివయసు మనిషి కుర్రతనంలో వరసగా గోదాములు తగలబెట్టి లోపలికెళ్లాడు. బయటికొచ్చాక ఇక్కడే వడ్రంగం నేర్చుకున్నాడు. చెక్క, పొట్టు, వార్నిష్ మధ్య ఏళ్ల తరబడి పనిచేశాడు. పొయ్యి వెలిగించాల్సి వస్తే పక్కవాణ్ణి పిలిచేవాడు.

ఒక ప్రొఫెసర్ పెద్దవాడైంది అతని పేరు చెప్పుకునే.

నేర మనస్తత్వశాస్త్రంలో ఆ ప్రొఫెసర్ మాటకి ఎదురు లేదు. ఆయన కీర్తికి కారణాలు రెండు. మొదటిది గొలుసు పద్ధతి. నేరం ఒక్కసారిగా జరగదు, దానికి ముందు చిన్న చిన్న లంకెలుంటాయి, నేరస్థుడి చేత ఆ లంకెలన్నీ వరసగా చెప్పించి ఏదో ఒకచోట తెంపడం నేర్పితే మనిషి మారతాడు అన్నది దాని సారం. దానికి సాక్ష్యంగా ఆయన ప్రతి వేదిక మీదా చెప్పే కథ అగ్గిపెట్టెదే. రెండోది ఈమధ్య తయారుచేసిన కొలబద్ద. కొన్ని ప్రశ్నలడిగి మార్కులు వేస్తే, ఎవడు మళ్లీ నేరం చేస్తాడో ముందే తేలిపోతుందని ఆయన హామీ. దాన్ని అన్ని జైళ్లలో పెట్టాలా వద్దా అని ఒక కమిటీ వేశారు. పెడితే, ఎక్కువ మార్కులొచ్చినవాడికి ఇక గేటు తెరుచుకోదు.

చిక్కేమిటంటే, ఆ కొలబద్ద మీద అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చింది అగ్గిపెట్టెకే.

ఆ రోజు కమిటీ రెండో గేటు చూడ్డానికొచ్చింది. ప్రొఫెసరే దగ్గరుండి తిప్పాడు. 'ఇదే అతని మంచం' అని చూపించాడు కూడా. భోజనాల దగ్గర కమిటీ పెద్ద, రిటైరైన జడ్జి, చెయ్యి కడుక్కోకుండానే చురక అంటించింది.

"ప్రొఫెసర్ గారూ, మీ గొలుసేమో అతను బంగారమైపోయాడంటుంది. మీ కొలబద్దేమో రేపో మాపో కొంప తగలేస్తాడంటుంది. ఇద్దరు పెళ్లాల ఇల్లులా ఉందే మీ శాస్త్రం! ఏ పెళ్లాం మాట వినమంటారు?"

కమిటీ అంతా పగలబడి నవ్వింది. ప్రొఫెసరూ నవ్వాడు. ఫోను మాట్లాడి వస్తానని లేచాడు. ఆ తర్వాత కాసేపటికే పొగ లేచింది.

ఇప్పుడు జడ్జి కారెక్కబోతూ, తెల్లబోయిన మొహంతో ఆయన చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయిందండీ. మీ కొలబద్దే నిజం చెప్పింది. మేమే నవ్వాం."

"ఒక ప్రాణం పోయింది. గెలుపోటముల మాట ఇప్పుడెందుకు లెండి," అన్నాడాయన.

ఆయన వెనక నిలబడ్డ అమ్మాయి ఈ మాట విని తల దించుకుంది. ఆమె ప్రొఫెసర్‌కి మేనకోడలు, ఆయన దగ్గరే పరిశోధన చేసింది. పగలంతా మేనమామ వెనకే తిరుగుతుంది కనక డిపార్ట్‌మెంట్‌లో అందరికీ 'నీడ'. ఆమె తల దించుకున్నది దుఃఖంతో. అనుమానం అప్పటికింకా పుట్టలేదు.

అది పుట్టింది వార్డెన్ గదిలో.

*

ఇన్‌స్పెక్టర్‌కి పన్ను నొప్పి. బుగ్గలో లవంగం పెట్టుకుని, మాట మాటకీ దాన్ని ఇటునుంచి అటు తోస్తున్నాడు.

"భోజనాల మధ్యలో లేచి వెళ్లాడట. వట్టికాళ్లతో దొడ్డంతా తిరుగుతుంటే నలుగురు చూశారు. చెప్పులు షెడ్డు ముందున్నాయి. ఇంకేం కావాలి సార్? నా పన్ను కన్నా ఈ కేసే నయం, తొందరగా ఊడొచ్చింది."

"ఒక్కటి కావాలి," అన్నాడు ప్రొఫెసర్. గొంతు తగ్గించాడు. "ఆ చెప్పులు షెడ్డు ముందు దొరికాయని బయటికి పొక్కనివ్వకండి. అతనికి కూడా చెప్పకండి. అతను తనంతట తను చెబితే ఇక కోర్టులో తిరుగుండదు."

"చెప్పుల్లో అంత విశేషం ఏముంది సార్?"

"అవి అతని సంతకం. పాత నేరాల్లో ప్రతిసారీ, అంటించేముందు చెప్పులు విప్పి, మొనలు మంట వైపు పెట్టి, జతగా సర్దేవాడు. పెద్దవాళ్ల గదిలోకి అడుగుపెట్టేవాడిలాగ. పనయ్యాక తొడుక్కుని పోయేవాడు. ఈసారి ఆ వ్యవధి దొరకలేదు."

"పాత ఫైల్లో ఈ ముక్క లేదే!"

"ఉండదు. పోలీసులకి చెప్పలేదు, నాకు చెప్పాడు. నా ఎదుట కూర్చుని ఏడుస్తూ చెప్పాడు. ఇతని మీద రాసిన నా పుస్తకంలోంచి కూడా తీసేశాను, ఎవడైనా చదివి అలాగే చేస్తాడేమోనని. ఈ లోకంలో ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. అతను, నేను, ఇదిగో మా మేనకోడలు. కావాలంటే అడగండి."

ఇన్‌స్పెక్టర్ నీడ వైపు తిరిగాడు. "అంతేనా మేడమ్?"

నీడ మేనమామ వైపు చూడలేదు. "పుస్తకంలోంచి తీసేసిన మాట నిజమే," అంది.

నిజమైన మాట అదొక్కటే. ప్రొఫెసర్ ఎదుట అగ్గిపెట్టె ఏనాడూ కూర్చోలేదు. యూనివర్సిటీలో సెషన్లు జరిగే గదిలో ఏళ్ల తరబడి అతని ఎదుట కూర్చున్నది నీడ. ప్రొఫెసర్ అతన్ని కలిసింది సన్మాన సభల్లో, ఫోటోల కోసం. సెషన్ల సారాంశం మాత్రం ఆయన చేతికి వెళ్లేది, ఆయనే పెట్టిన ఒక నియమానికి లోబడి. 'గదిలో విన్నది గది దాటే ముందు, మనిషిని పట్టించే గుర్తు ఒక్కటైనా మార్చండి. ఏం మార్చారో నాకు కూడా చెప్పకండి' అని మొదటి క్లాసులోనే బల్ల గుద్ది చెబుతాడాయన. ఆ నియమాన్ని అక్షరాలా పాటించిన శిష్యురాలు ఆయనకి ఒక్కతే దొరికింది.

అగ్గిపెట్టె ఎప్పుడూ చెప్పులు విప్పలేదు. అతను చేసేది వేరు. అంటించేముందు ఒక బకెట్టు నిండా నీళ్లు తెచ్చి పక్కన పెట్టుకునేవాడు. మంట లేవగానే అందరికన్నా ముందు తనే కేకలేసి, తనే నీళ్లు చల్లి, నలుగురి చేత శభాష్ అనిపించుకోవాలని. మంట ప్రతిసారీ బకెట్టు కన్నా పెద్దదయ్యేది.

'ఏ గుర్తు మార్చమంటావు?' అని ఆనాడు నీడే అడిగింది.

'బకెట్టు మార్చమ్మా. తగలబెట్టినందుకన్నా దానికే ఎక్కువ సిగ్గేస్తుంది' అన్నాడు.

బకెట్టు తీసేసి ఆ చోట చెప్పులు రాసింది ఆమె. అవి ఆమె కల్పన. ముగ్గురికి తెలుసని ప్రొఫెసర్ అంటున్నాడు. ఆ ముగ్గురిలో ఒకడికి చెప్పుల సంగతే తెలియదు. మిగిలింది ఇద్దరు. తను కాదని ఆమెకి తెలుసు.

బయటికొచ్చి దొడ్డంతా చూసింది. నిప్పు ఆర్పడానికి గోడకి తగిలించిన బకెట్లు వరసగా కొక్కేలకే వేలాడుతున్నాయి. ఒక్కటీ తడిసిన జాడ లేదు.

కారు దగ్గర ప్రొఫెసర్ ఆమె భుజం తట్టాడు. "వచ్చే వారం నీ లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బోర్డులో నేనే ఉంటాను. ఈ గొడవలో పడి చదవడం మానకు, పిచ్చిపిల్లా."

*

మర్నాడు పొద్దున్న స్టేషన్‌కి వెళ్లింది. అగ్గిపెట్టె లాకప్ మూల గోడకి అతుక్కుని కూర్చున్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు, ఆమె కన్నా ఎంత పెద్దవాడైనా.

"నేనే చేసి ఉంటానమ్మా," అన్నాడు.

"చేశావా?"

"గుర్తు లేదు. కానీ కాదని ఎలా అనను? కాదంటే జబ్బు తిరగబెట్టినట్టే కదా. ఒప్పుకోకపోవడమే మొదటి లక్షణమని మీరే కదమ్మా నేర్పారు."

నీడ ఊచలు పట్టుకుంది. నేర్పింది. వారం వారం నేర్పింది. 'నేను కాదు' అన్న ప్రతిసారీ గొలుసు పాఠంలో అతనికి మార్కులు తగ్గించింది. అది ఆయన పద్ధతి, ఆమె చేతులు.

"భోజనం మధ్యలో ఎక్కడికెళ్లావు?"

"మాస్టారికి మందుబిళ్ల ఇవ్వాలని లేచాను. చూస్తే గుమ్మంలో నా చెప్పులు లేవు. ఎవడో తొడుక్కుపోయాడనుకుని వెతుక్కుంటూ తిరిగాను. దొరకలేదు. ఈలోగా పొగ." అతను తన వట్టికాళ్ల వైపు చూసుకున్నాడు. "వెతకడం మానేసి తిన్నగా షెడ్డుకే వెళ్లుంటే మాస్టారు బతికేవాడు. చెప్పుల కోసం చూశాను. రెండు చెప్పుల కోసం!"

"మరి బకెట్టు పెట్టావా?"

"పెట్టే ఉంటాను. పెట్టకుండా నేనెప్పుడూ అంటించలేదు. కానీ అమ్మా, బకెట్టు ఉంటే మాస్టారి మీద ఎందుకు పోయలేకపోయాను?"

వెనక నుంచి లవంగం వాసన వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొచ్చాడో, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం బకెట్టు మేడమ్?"

"రేపు యూనివర్సిటీలో చెబుతాను. మా మామయ్య ఇతని మీద నివేదిక ఇవ్వాలిగా, అక్కడి గదిలోనే ఆఖరి సెషన్ పెడదాం. ఇతన్ని తీసుకురండి."

"ఇక్కడే చెప్పెయ్యొచ్చుగా?"

"ఇక్కడ చెబితే నా మాట, ఆయన మాట. ఆయన మాట ముందు నాదెంత? అక్కడైతే అన్నీ ఆయనే చెబుతాడు."

ఇన్‌స్పెక్టర్ నోట్లో లవంగం బుగ్గ మారింది.

*

మేనమామ ఇంట్లో లేని సమయం చూసుకుని వెళ్లింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆయన ఇంటిచెప్పులు అక్కడున్నాయి. పక్కపక్కనే, మొనలు తలుపు వైపు, గీత గీసి పెట్టినట్టు. ఆనాడు బకెట్టు కొట్టేసి ఏం రాయాలో తోచక తల ఎత్తితే కళ్లకి కనిపించినవి ఇవే. ఈ ఇంటి సోఫాలో కూర్చునే ఆ సారాంశం రాసింది. ఇన్నేళ్లూ ఆ సంగతే మరిచిపోయింది.

"రావే అమ్మడూ, వాటిని దాటుకుని రా," అంది అత్తయ్య వంటింట్లోంచే. "తన్నావంటే వచ్చి మళ్లీ సర్దేదాకా మీ మామయ్యకి ముద్ద దిగదు. చెప్పులు కూడా ఆయన పాఠం వినడానికి కూర్చున్నట్టుండాలి."

టీ ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది. మాట్లాడుతూనే ఉంది, మాట్లాడటం ఆపితే ఏమవుతుందోనని భయపడ్డట్టు.

"ఇన్నేళ్ల కాపురంలో నిన్న ఒక వింత చూశానే. మీ మామయ్య తన చొక్కా తనే ఉతుక్కున్నారు. సబ్బెక్కడుంటుందో కూడా తెలియని మనిషి! పొగ వాసనట. సరేలే అనుకున్నాను. తీరా చూస్తే చేతి మడతల్లో ఏదో జిగురు. వార్నిష్‌లా ఉంది. సబ్బుకి వదిలి చస్తేనా! షెడ్డుకి ఎంత దూరంలో నిలబడ్డారని అడిగితే, రోడ్డు మీదే ఉన్నానన్నారు."

వార్నిష్ డబ్బాలు షెడ్డు బయట, చూరు కింద ఉండేవి. నీడ టీ కప్పు కింద పెట్టింది.

"ఆ చొక్కా ఏది అత్తయ్యా?"

అత్తయ్య లేచి బాల్కనీలోంచి చొక్కా తెచ్చింది. మడత మీద మడత పెట్టి, సంచిలో వేసి, మేనకోడలి ఒళ్లో పెట్టింది.

"ఇస్త్రీకిస్తావో, ఇంకెవరికిస్తావో నీ ఇష్టం. నన్ను మాత్రం ఏమీ అడక్కు. అడిగితే భార్యగా అబద్ధం చెప్పాల్సొస్తుంది. నాకు సరిగ్గా రాదు."

*

యూనివర్సిటీలో ఆ గది ప్రొఫెసర్ పేరు మీదే ఉంటుంది. తలుపు మీద ఇత్తడి పలక. లోపల ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక గోడగడియారం. తలుపుకి ఎదురుగా ఉండే కుర్చీ నేరస్థుడిది. బయటికి దారి కళ్ల ముందుంటే మనిషి బెదిరిపోడని అలా వేశారు.

ప్రొఫెసర్ వచ్చీ రాగానే ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

అగ్గిపెట్టె బేడీలతో గుమ్మంలో తటపటాయించాడు. "పెద్దసారూ... అది నా కుర్చీ."

"ఎక్కడైనా కూర్చోవయ్యా!"

ఇన్‌స్పెక్టర్ బుగ్గలో లవంగం కదలడం ఆగింది. "అదేంటి సార్, ఇన్నేళ్లు ఇదే గదిలో ఇతన్ని కూర్చోబెట్టి చెప్పించానన్నారు. ఎవరి కుర్చీ ఏదో తెలియదా?"

"నేను ఇలాంటి చిల్లర విషయాలు పట్టించుకోను," అన్నాడు ప్రొఫెసర్. "నువ్వు కానీయ్, అమ్మాయ్."

నీడ అగ్గిపెట్టె ఎదుట కూర్చుంది. "పాత గొలుసు చెప్పు. మొదటి లంకె నుంచి."

అతను కళ్లు మూసుకున్నాడు. ఎన్నిసార్లో చెప్పిన పాఠం. "ఎవరో నన్ను చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. లోపల మండుతుంది. ఒక్కణ్ణే నడుస్తాను. తలుపు మూసున్న గోదాము చూస్తాను. నేను లేకపోతే వీళ్ల గతేంటో చూపించాలనిపిస్తుంది. కుళాయి దగ్గరికెళ్తాను. బకెట్టు నింపుతాను. తలుపు పక్కన పెడతాను. అప్పుడు అంటిస్తాను."

"బకెట్టా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "షెడ్డు దగ్గర బకెట్టు లేదు. చెప్పుల మాటేంటి?"

"చెప్పులు పోయాయని చెప్పాను కద సార్. దొరికాయా?"

"దాస్తున్నాడు," ప్రొఫెసర్ బల్ల మీద చరిచాడు. "చెప్పులు విప్పి మొనలు మంట వైపు పెట్టేవాడివి కాదూ? నాకు చెప్పలేదూ?"

అగ్గిపెట్టె ఆయన వైపు, నీడ వైపు, మళ్లీ ఆయన వైపు చూశాడు. "నేనెప్పుడు చెప్పాను సార్? మీతో నేనెప్పుడు మాట్లాడాను? దండ వేసినప్పుడు 'బాగున్నావా' అన్నారు. 'బాగున్నాను' అన్నాను. అంతేగా."

"మామయ్యా," అంది నీడ. "గది దాటేముందు ఒక గుర్తు మార్చమన్నారు మీరు. ఏం మార్చానో మీక్కూడా చెప్పొద్దన్నారు. నేను మార్చింది బకెట్టు. చెప్పులు నేను పుట్టించినవి. ఈ మనిషి ఆ పని ఒక్కసారి కూడా చేయలేదు. చేశాడని నమ్మినవాళ్లు లోకంలో ఒక్కరే ఉన్నారు."

ప్రొఫెసర్ పెదాలు తడుపుకున్నాడు.

"పుట్టించావా? ఎక్కణ్ణించి పుట్టించావు?"

"మీ గుమ్మంలోంచి."

సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పరిచింది. ఇన్‌స్పెక్టర్ దాని చేతి మడతని వేలితో రాసి, వేలు వాసన చూసి, చొక్కా పక్కన పెట్టాడు.

"ఇది మా ఆవిడ..." అన్నాడు ప్రొఫెసర్. ఆగాడు. "ఇవన్నీ ఊహలు. నాకేం సంబంధం లేదు. నేను కాదు."

ఆ రెండు మాటలు వినగానే అగ్గిపెట్టె ఉలిక్కిపడ్డాడు. బేడీల చేతులు బల్ల మీదికి చాచాడు. అతని గొంతులో కోపం లేదు. ఏళ్ల తరబడి విన్న గొంతునే తిరిగి పలికాడు.

"కాదనకండి పెద్దసారూ. కాదంటే లోపల ముదిరిపోతుంది. మొదటి లంకె ఒక్కటి చెప్పండి, మిగతావి వాటంతటవే వస్తాయి. ఎవరు నవ్వారు సార్?"

ప్రొఫెసర్ ఆ చేతుల వైపు చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా తలుపు కనిపిస్తోంది. మాట్లాడ్డం మొదలుపెట్టినప్పుడు అది క్లాసులో వినిపించే గొంతే.

"జడ్జి నవ్వింది. ఇద్దరు పెళ్లాలంది. నేనూ నవ్వాను. రాసుకోండి ఇన్‌స్పెక్టర్, సగం సగం రాయకండి. పాతికేళ్లు కష్టపడ్డాను నేను. ఈ మనిషి ఒక్కడు మంచివాడుగా బతుకుతున్నందుకు నా కొలబద్ద నవ్వులాటయిపోయింది. ప్రతి కమిటీలో వీడి పేరే. ప్రతి ఏడూ వీడు తగలబెట్టలేదనే వార్తే. ఎప్పుడో ఒకప్పుడు తగలబెడతాడు, అందులో నాకు సందేహం లేదు. నేను కాస్త ముందుకు జరిపాను, అంతే. ఫోనని చెప్పి లేచాను. భోజనాల గుమ్మంలో చెప్పులు వరసగా ఉన్నాయి. మంచం నంబరు అంతకు ముందే చూశాను కదా. పేపర్లో చుట్టి తీసుకెళ్లాను. షెడ్డు ముందు పెట్టాను. పెట్టేటప్పుడు సరిగ్గా కుదరలేదు, వంగి మళ్లీ సర్దాను. ఇప్పుడర్థమవుతోంది అంత తేలిగ్గా ఎందుకు చేతికొచ్చిందో. గొళ్లెం పెట్టాను, గాలికి తలుపు తెరుచుకుని మంట ఆరిపోకుండా. వార్నిష్ డబ్బా వంచి తలుపు కిందనుంచి పోశాను. అంటించాను.

"లోపల ఎవరూ లేరనుకున్నాను. ఇది నిజం. ఆ హాస్టలు ప్రారంభించింది నేనే అయినా, అక్కడ ఎవరెప్పుడు పడుకుంటారో నాకెలా తెలుస్తుంది? రెండడుగులు వేశాక దగ్గు వినిపించింది. తర్వాత తట్టాడు. మర్యాదగా తట్టాడండీ, పొరపాటున ఎవరో గొళ్లెం పెట్టినట్టు. 'ఎవరక్కడ? తలుపు తీయండి బాబూ' అన్నాడు. నేను వెనక్కొచ్చాను. గొళ్లెం మీద చెయ్యి కూడా వేశాను, అప్పటికింకా కాలడం లేదు. తీస్తే నా మొహం చూస్తాడు. తీయకపోతే కొలబద్ద నిలబడుతుంది. ఇంకా చెప్పాలంటే, ఒక షెడ్డు కాలితే కమిటీ ఒక నెల మాట్లాడుకుంటుంది. ఒక మనిషి కాలితే ఇక ఎవరూ నవ్వరు. ఈ ఆలోచన నాకు అక్కడే వచ్చింది, గొళ్లెం మీద చెయ్యి ఉండగానే. చెయ్యి తీసేశాను. ఆయన ఇంకా తడుతూనే ఉన్నాడు. నేను వెళ్లి జడ్జి పక్కన కూర్చున్నాను. పెరుగు వడ్డించారు, తిన్నాను.

"నిరుడు సరదాకి ఆ ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకుని మార్కులు చూసుకున్నాను ఇన్‌స్పెక్టర్. సున్నా వచ్చింది. ఏ ప్రమాదమూ లేని మనిషిని. గొళ్లెం మీంచి చెయ్యి తీసేటప్పుడు అది గుర్తొచ్చింది. ధైర్యంగా అనిపించింది."